కెనడాలో పేర్లు పిలవరు... రికార్డు మాత్రం వదలదు!

గల్ఫ్ జీతంతో పిల్లల్ని కెనడాలో చదివిస్తున్న తండ్రుల కోసం

పోయిన నెలలో ఒక శుక్రవారం. క్యాంపులో బట్టలు ఉతికేవాళ్లు ఉతుకుతున్నారు, ఇంటికి ఫోన్లు చేసేవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన మా గదికి వచ్చి ఫోన్ మా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, కెనడా నుంచి పిలగాడు పంపిండు. ఇంగ్లీషుల ఉన్నది. ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి."

చదివాం. కెనడా ఇమిగ్రేషన్ శాఖ వాళ్ల ఉత్తరం. సారాంశం ఇంతే: నువ్వు కాలేజీలో చదువుతున్నట్టు మాకు కనిపించడం లేదు, స్టడీ పర్మిట్ షరతులు పాటిస్తున్నట్టు ఆధారాలు చూపించు, ఫలానా తేదీలోగా పంపించు.

మేస్త్రీ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "అంటే... మావోని మీద హురూబ్ పెట్టిండ్రా?"

ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో గడిపిన మనిషికి అంతకంటే దగ్గరి మాట ఇంకేం దొరుకుతుంది! "ఇంచుమించు అంతే అన్నా" అన్నాం అప్పటికి. తర్వాత పిల్లవాడితో మాట్లాడి కాగితాలన్నీ చూశాక సంగతి అంత సూటిగా లేదని తెలిసింది. ఈ వారం అదే రాస్తున్నాం. ఎందుకంటే ఓటీ చేసి, చిట్టీ ఎత్తి, ఊళ్లో అర ఎకరం కుదువబెట్టి కొడుకునో తమ్ముడినో కెనడా పంపినవాళ్లు మన క్యాంపుల్లో ఆయన ఒక్కడే కాదు.

ఎస్సెమ్మెస్ రాని చదువు

మన దగ్గర ఇంటర్ కాలేజీలో పిల్లవాడు ఒక్క రోజు డుమ్మా కొడితే తండ్రి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఆ పైచదువులో ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టి, మీసేవకు వెళ్లి వేలిముద్ర వేసి, అది ఏ బల్ల మీద ఆగిందో చూసుకుంటూ తిరగడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పనే. హాజరు అంటే మనకు తెలిసింది అది. ఉన్నావా, లేవా.

కెనడాలో పద్ధతి వేరు. పెద్ద యూనివర్సిటీల్లో ఒక్కో క్లాసులో వందల మంది కూర్చుంటారు. పేర్లు ఎవరూ పిలవరు. కొందరు ప్రొఫెసర్లు టాప్ హ్యాట్ అనే ఫోన్ ప్రోగ్రాం వాడతారు. 2009లో మొదలైన టొరంటో కంపెనీ అది. క్లాసులో తెర మీద నాలుగు అంకెలు చూపిస్తారు, పిల్లలు ఫోన్‌లో అవి కొడితే హాజరు పడుతుంది. రూంలో పడుకున్నవాడికి పక్కవాడు ఆ అంకెలు మెసేజ్ చేస్తాడేమోనని, ఫోన్ ఎక్కడుందో కూడా చూసే ఏర్పాటు ఉంది. మన దగ్గర ఒకడి కార్డు ఇంకొకడు పంచ్ చేసే సంగతి గుర్తొచ్చి మేము నవ్వుకున్నాం. బ్రైట్‌స్పేస్ అని ఇంకొకటి ఉంది. ఆంటారియోలోని కిచనర్ పట్టణం కంపెనీ వాళ్లది. పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు అన్నీ అందులోనే. పిల్లవాడు ఎప్పుడు లాగిన్ అయ్యాడో పాఠం చెప్పేవాళ్లకు కనిపిస్తుంది. రోజూ హాజరు తీసుకునే కాలేజీలు కూడా లేకపోలేదు.

ఇదంతా మార్కుల కోసం. మేస్త్రీ కొడుక్కి ఉత్తరం వచ్చింది దీనివల్ల కాదు. ఇమిగ్రేషన్ వాళ్లు సోమవారం క్లాసుకు వచ్చాడా, మంగళవారం వచ్చాడా అని లెక్క చూడరు. వాళ్లకు కావలసింది వేరే హాజరు. ఈ సెమిస్టర్‌లో ఈ పేరు కాలేజీ పుస్తకంలో ఉందా, లేదా? ఉంటే ఫుల్‌టైమా, పార్ట్‌టైమా?

ఏడాదికి రెండుసార్లు

2014 జూన్ 1కి ముందు, చదవాలనే ఉద్దేశం ఉందని చూపిస్తే స్టడీ పర్మిట్‌కు సరిపోయేది. ఆ రోజు నుంచి రూలు మారింది. ప్రభుత్వం గుర్తించిన కాలేజీలో చేరాలి, చేరి నిజంగా చదువుతూ ఉండాలి. అలా గుర్తింపు ఉన్న ప్రతి కాలేజీకి ఒక నంబరు ఉంటుంది. దాన్ని డీఎల్ఐ నంబరు అంటారు. ఆ కాలేజీలు ఏడాదికి రెండుసార్లు, చలికాలానికి ముందు ఒకసారి, ఎండలు వచ్చే ముందు ఒకసారి, ఇమిగ్రేషన్ వాళ్ల పోర్టల్‌లో తమ విదేశీ విద్యార్థుల లెక్క ఎక్కించాలి. ప్రతి పేరు పక్కన ఒక మాట పెట్టాలి. ఫుల్‌టైం, పార్ట్‌టైం, అనుమతించిన సెలవు, చదువు పూర్తయింది, ఇప్పుడు మా దగ్గర లేడు, అసలు రానే లేదు... ఇలా.

ఆ 'రానే లేదు' అనేదాన్నే నో-షో అంటున్నారు. 2024లో మార్చి, ఏప్రిల్ నెలల లెక్కలో ఇలా చదువుతున్నట్టు కనిపించనివాళ్లు దాదాపు 50 వేల మంది అని 2025 జనవరిలో కెనడా పత్రికలు రాశాయి. అందులో మన దేశం పిల్లలు దాదాపు 20 వేలు. అప్పుడు మన టీవీలు '20 వేల మంది మాయం' అని గోల చేశాయి. మాకు ఆ మాట నచ్చలేదు. వాళ్లలో పని కోసమే వెళ్లి కాలేజీ గడప తొక్కనివాళ్లు ఉండరని కాదు, ఉంటారు. కానీ ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారి, ఆ సంగతి ఇమిగ్రేషన్ ఖాతాలో రాయకపోతే పాత కాలేజీ 'మా దగ్గర లేడు' అనే రాస్తుంది. ఈ మాట ఇమిగ్రేషన్ వాళ్లే చెప్పారు. పిల్లవాడు పక్క ఊళ్లో బుద్ధిగా చదువుకుంటూనే ఉండొచ్చు. లెక్కలో మాత్రం మాయం!

2024 నవంబర్ 8 నుంచి రూలు ఇంకా గట్టిపడింది. కాలేజీ మారాలంటే ఖాతాలో రాస్తే చాలదు, కొత్త స్టడీ పర్మిట్ తీసుకోవాలి. ఇమిగ్రేషన్ అడిగిన 60 రోజుల్లో కాలేజీ ఈ లెక్క ఇవ్వాలి. ఇవ్వని కాలేజీని ఏడాది వరకు కొత్త విదేశీ విద్యార్థులను చేర్చుకోకుండా ఆపొచ్చు. కాలేజీ మెడ మీద కత్తి పెట్టాక ఇంక మొహమాటం ఎక్కడిది? 'పాపం, రెండు వారాలు చూద్దాం' అనే గుమాస్తా అక్కడ ఉన్నా, ఆగలేడు.

ఇంత గట్టిగా ఎందుకు?

ఎందుకంటే మోసాలు జరిగాయి. 2023 జూన్‌లో టొరంటో పక్కన మిస్సిసాగాలో పంజాబీ పిల్లలు రోడ్డు పక్కన ధర్నాకు కూర్చున్నారు. కొన్నేళ్ల క్రితం ఒక ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్ పట్టుకుని వాళ్లు కెనడా వచ్చారు. దిగగానే 'ఆ కాలేజీలో సీటు లేదట, వేరేదాంట్లో చేరు' అన్నాడు. చేరారు, చదివారు, ఉద్యోగాలు చేసుకున్నారు. పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకున్నప్పుడు మొదటి లెటరే దొంగదని బయటపడింది. దేశం విడిచి వెళ్లమన్నారు. గొడవ పెద్దదయ్యాక అప్పటి మంత్రి షాన్ ఫ్రేజర్, మోసపోయినవాళ్లను పంపించడం ఆపి ఒక్కొక్కరి కేసు చూస్తామన్నాడు. జలంధర్ ఏజెంటు బ్రిజేశ్ మిశ్రా నేరం ఒప్పుకోవడంతో 2024 మేలో వాంకూవర్ కోర్టు మూడేళ్ల జైలు వేసింది.

ఆ రోజుల్లో లెటర్ అసలుదా కాదా అని కాలేజీని అడిగే ఏర్పాటే లేదు. 2023 డిసెంబర్ 1 నుంచి ఉంది. పిల్లవాడు పెట్టిన ప్రతి అడ్మిషన్ లెటర్‌నూ ఇమిగ్రేషన్ వాళ్లు పోర్టల్‌లో కాలేజీకి పంపుతారు. 10 రోజుల్లో కాలేజీ 'అవును, మాదే' అనాలి. అనకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఏజెంటు 'లెటర్ నేను చూసుకుంటా' అంటే ఇప్పుడు ఎంత ప్రమాదమో అర్థమైంది కదా.

మన తెలుగువాళ్లు ఈ దెబ్బ అంతకుముందే అమెరికాలో తిన్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అందులో పేర్లున్న పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంట్ అడ్రసు రాసి ఉంది! కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టడం చూసి మన ఊళ్లలో తల్లులు ఏడ్చారు. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా విచిత్రం. ఆ యూనివర్సిటీని పెట్టిందే అమెరికా ప్రభుత్వ అధికారులు, క్లాసులు లేకుండా వీసా కోసం ఎవరు వస్తారో చూడటానికి. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. హాజరు లేని చదువు చివరికి ఎక్కడ తేలుతుందో అప్పుడే చూశాం.

టికెట్ నంబరు అంటే అనుమతి కాదు

మళ్లీ మన మేస్త్రీ కొడుకు దగ్గరకు వద్దాం. ఏజెంటు మోసం కాదు, దొంగ లెటర్ కాదు. ఆంటారియోలో అసలు సిసలు కాలేజీ, రెండేళ్ల డిప్లొమా. రెండు సెమిస్టర్లు బాగానే చదివాడు, మార్క్స్ లిస్టు మేమే చూశాం. మూడో సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన టైముకు ఇక్కడ తండ్రికి మూడు నెలలు జీతం రాలేదు. 'పైసలు వస్తయ్ బిడ్డా, జర ఆగుమను' అన్నాడు తండ్రి. జీతం ఆగిందని చెప్పలేదు. గడువు దాటింది, కంప్యూటర్ పిల్లవాడి పేరు క్లాసుల్లోంచి తీసేసింది. తీసేసిందని కొడుకు చెప్పలేదు. ఒకరికొకరు తెలియకుండా ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు!

పిల్లవాడు తెలివి తక్కువవాడేం కాదు. కాలేజీ పోర్టల్‌లో సెలవు కోసం రిక్వెస్ట్ పెట్టాడు. వెంటనే 'మీ రిక్వెస్ట్ అందింది' అని ఒక టికెట్ నంబరు వచ్చింది. సెలవు ఇచ్చేశారు అనుకున్నాడు. రెండు వారాల తర్వాత 'కారణానికి ఆధారం జత చేయండి' అని ఇంకో మెయిల్ వచ్చింది. అది కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీకి వచ్చింది. అతను రోజూ చూసేది సొంత జీమెయిల్. జవాబు లేక ఆ రిక్వెస్ట్ దానంతట అదే మూసుకుపోయింది. ఈలోపు బ్రాంప్టన్‌లో గోడౌన్ పనికి వెళ్లాడు. కాలేజీ లెక్క పంపే రోజు వచ్చింది. పేరు పక్కన 'సెలవు' అని లేదు. 'మా దగ్గర లేడు' అని పడింది.

ఇక్కడ రూలేమిటంటే: చదువు మధ్యలో సెలవు తీసుకోవచ్చు. జబ్బు, కాన్పు, ఇంట్లో చావు, కుటుంబంలో ఆపద లాంటి కారణాలకు కాలేజీ ఒప్పుకుని రికార్డులో రాయాలి. సెలవు మొదలైన రోజు నుంచి 150 రోజులు దాటకూడదు. ఆ సెలవులో పని చేయకూడదు, క్యాంపస్‌లోనూ బయటా. చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. ఫీజు లేదు కాబట్టి సెలవు, సెలవు కాబట్టి పని చేసి ఫీజు సంపాదిద్దాం అనుకుంటారు. న్యాయంగా ఆలోచిస్తే అదే సబబు అనిపిస్తుంది. చట్టం మాత్రం ఒప్పుకోదు. ఫుల్‌టైం చదువుతున్నవాడికే బయట వారానికి 24 గంటలు పని. కోర్సులు తగ్గించుకుని పార్ట్‌టైం అయినా ఆ హక్కు పోతుంది, చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్‌కూ అడ్డు పడుతుంది. చివరి సెమిస్టర్‌కు మాత్రం మినహాయింపు ఉంది.

ఇంకోటి. కాలేజీ వాళ్లు పోర్టల్‌లో ఇచ్చే రకరకాల సెలవుల్లో తేడా చూసుకోవాలి. ఉదాహరణకు టొరంటో యూనివర్సిటీలో ఏకార్న్ అనే పోర్టల్ ఉంది. అందులో విద్యార్థి తనంతట తానే 'నేను రాలేకపోయాను' అని సెమిస్టర్‌కు ఒకసారి, వరసగా 7 రోజుల వరకు నమోదు చేసుకోవచ్చు. అది పరీక్షో అసైన్‌మెంటో పోకుండా చూసుకోవడానికి. ఇమిగ్రేషన్ చెప్పే సెలవు అది కాదు.

మేమూ హాజరు వేసేవాళ్లమే

మాలో ఒకరం టైమ్‌షీట్లు చూస్తాం, ఇంకొకరం పీఆర్వో ఆఫీసులో కాగితాలు టైపు చేస్తాం. 'ఏ' అనే అక్షరం ఒక మనిషి పేరు పక్కన ఎలా పడుతుందో మాకు తెలుసు. సిమెంటు పని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోయి పంచింగ్ మెషిన్ ముద్ర తీసుకోదు. మనిషి ఆరో అంతస్తులో షట్టరింగ్ కొడుతూ ఉంటాడు, మెషిన్ ఆబ్సెంట్ అంటుంది. ఫోర్‌మన్ సంతకం చేసిన కాగితం ఆ రోజే మా బల్ల మీదకు వస్తే 'ఏ' తీసి 'పీ' వేస్తాం. నెల దాటి జీతాల ఫైలు వెళ్లిపోయాక వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు. ఎంత బతిమాలినా!

కెనడా పోర్టల్ అయినా అంతే. అటువైపు కూర్చున్నది మాలాంటి గుమాస్తాలే. పిల్లవాడు మంచివాడా, తండ్రికి జీతం వచ్చిందా అని వాళ్లకు ఏం తెలుస్తుంది? తెరమీద ఉన్నదే చూస్తారు. కాబట్టి లెక్క వెళ్లకముందే అక్షరం మార్పించుకోవాలి. ఇమిగ్రేషన్ నుంచి ఉత్తరం వచ్చాక అయితే ఆధారాలతో వివరణ ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే పర్మిట్ పోవచ్చు, దేశం విడిచి వెళ్లమనే ఉత్తర్వూ రావచ్చు.

తండ్రి ఏం చేయగలడు? కాలేజీకి ఫోన్ చేస్తే ఏమీ చెప్పరు. ఆంటారియోలో యూనివర్సిటీలకు కూడా 2006 నుంచి సమాచార గోప్యత చట్టం వర్తిస్తుంది. ఫీజు కట్టేది మీరే అయినా సరే, పిల్లవాడు రాసిస్తే తప్ప అతని రికార్డు మీకు చూపించరు. మొదట మాకూ కోపం వచ్చింది. అందుకే అడగాల్సింది కొడుకునే. సెమిస్టర్లు సెప్టెంబర్, జనవరి, మే నెలల్లో మొదలవుతాయి. మొదలైన రెండు మూడు వారాలకు 'ఎన్‌రోల్‌మెంట్ లెటర్ పంపు బిడ్డా' అనండి. పోర్టల్‌లోంచి తీసుకోవడానికి అతనికి ఎక్కువ పని లేదు. అందులో పేరు, సెమిస్టర్, ఫుల్‌టైం అనే మాట ఉన్నాయా చూడండి. చూడటం రాకపోతే ఏ క్యాంపులోనైనా చదివి పెట్టే తమ్ముడు ఒకడు ఉంటాడు. అనుమానంతో అడిగినట్టు కాదు, జీతం స్లిప్పు దాచుకున్నట్టు దాచుకోవడానికి అని చెప్పండి. ఫీజు గడువు తేదీలు కూడా ముందే అడిగి రాసిపెట్టుకోండి. జీతం ఆలస్యమయ్యేలా ఉంటే దాచకండి. గడువుకు ముందే ఫీజు ఆఫీసుకు రాసి వాయిదా అడిగితే కొన్ని చోట్ల ఇస్తారు. గడువు దాటాక కష్టం.

కొత్తగా పంపాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఫీజు కాక పిల్లవాడి ఖర్చులకు చూపించాల్సిన డబ్బు 2023 చివరి వరకు 10 వేల డాలర్లు ఉండేది. 2024 జనవరి 1 నుంచి 20,635 అయింది, 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895. అది ఒకసారి చూపిస్తే అయిపోతుందని ఏజెంట్లు చెబుతారు. మేస్త్రీ కొడుకుకు కష్టం వచ్చింది మొదటి ఏడాది కాదు, రెండో ఏడాది.

బ్యాంకు కాగితం

ఉత్తరానికి జవాబు తయారు చేయడానికి నాలుగు శుక్రవారాలు పట్టింది. మనకు సాయంత్రం అంటే అక్కడ పొద్దున, పిల్లవాడు వీడియోలో పోర్టల్ చూపిస్తుంటే మేము ఒక్కో తేదీ రాసుకున్నాం. మార్క్స్ లిస్టు ఉంది. రిక్వెస్ట్ పెట్టిన రోజు, టికెట్ నంబరు, ఆధారం అడిగిన మెయిల్ ఉన్నాయి. గోడౌన్ పని సంగతి దాచొద్దని గట్టిగా చెప్పాం. అక్కడ జీతం నుంచి పన్ను కోసుకుంటారు, ఆ లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. అబద్ధం చెబితే ఉన్న తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది. అక్కడే లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుకు కాగితాలు చూపించాకే పంపమన్నాం. మేము గుమాస్తాలం, వకీళ్లం కాదు.

మూడు నెలలు జీతం రాలేదని కాగితం కావాలి. కంపెనీ హెచ్ఆర్‌లో అడిగితే శాలరీ సర్టిఫికెట్ ఇచ్చారు, నెలకు ఇంత అని. ఆలస్యమైందని ఒక్క ముక్క రాయలేదు. ఏ కంపెనీ రాసిస్తుంది చెప్పండి! చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించాం. జీతం పడాల్సిన తేదీలు మూడు, ఆ మూడు చోట్లా ఖాళీ. నాలుగో నెల ఒక్కసారే పడింది, ఆ మర్నాడే కెనడాకు వెళ్లింది. ఆ వరుసల కింద గీత గీసి పంపాం.

పిల్లవాడు తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ చేరాడు. ఎన్‌రోల్‌మెంట్ లెటర్ వచ్చింది, అందులో ఫుల్‌టైం అని ఉంది. మేస్త్రీ దాన్ని ప్రింటు తీయించి ఇకామా కాపీల కవరులో పెట్టుకున్నాడు. ఇమిగ్రేషన్ ఖాతాలో మాత్రం ఈ వారం వరకు 'పరిశీలనలో ఉంది' అనే ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన మా గదికి వస్తాడు. ఏమీ అడగడు. ఫోన్ తెరిచి మా ముందు పెడతాడు.